చెవులు మూసుకునే చోట

"ఆవగింజంత ఫిల్మ్. దాని మీద పదకొండు పేర్లు. మూడు రోజుల క్రితం మన సేఫ్‌లోంచి మాయమైంది," అన్నాడు చీఫ్.

ఎదురుగా కూర్చున్న ఆడమనిషి మొహంలో ఏ మార్పూ లేదు. ఆ గూఢచారి శాఖలో ఆమె అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. అందరికీ ఆమె అక్క. ఆమె కంటే పదేళ్లు పెద్దవాడైన చీఫ్‌కి కూడా అక్కే. ఇరవై రెండేళ్లు ఫీల్డ్‌లో పనిచేసింది. ఎనిమిది నెలల క్రితం ఒక మిషన్‌లో మూడో అంతస్తు నుంచి దూకి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. లోపల స్టీలు ప్లేటు వేశారు. అప్పటి నుంచి పిస్టల్ పట్టుకుంటే చెయ్యి సన్నగా వణుకుతోంది. అప్పటి నుంచే ఆమెకు కిటికీ లేని గదిలో ఒక కుర్చీ, ఒక బల్ల, గుట్టలుగా పాత ఫైళ్లు.

"ఆ పదకొండు మందీ విదేశాల్లో అండర్‌కవర్‌లో ఉన్న మన ఏజెంట్లు. ఆ ఫిల్మ్ పాదరసం అనే శత్రు ముఠా చేతికి చేరితే ఒక్క పొద్దుటిపూట పదకొండు మందినీ లేపేస్తారు. ఏడో పేరు ఎవరిదో నీకు తెలుసు."

"నాకు తెలుసన్న సంగతి మీకు తెలియకూడదు. రూల్ మీరే పెట్టారు."

ఏడో నంబర్ ఆమె తమ్ముడు. తల్లి పోయాక చంకనేసుకుని పెంచింది వాణ్ణి. వాడు శాఖలో చేరతానంటే వారం రోజులు మాట్లాడటం మానేసింది, చేరాక తానే ట్రైనింగ్ ఇచ్చింది. నాలుగేళ్లుగా వాడు ఏ దేశంలో ఉన్నాడో, ఏ పేరుతో తిరుగుతున్నాడో ఆమెకు తెలియదు. బతికి ఉన్నాడనే నమ్మకం ఒక్కటే ఆమె దగ్గరుంది.

చీఫ్ గొంతు తగ్గించాడు. "ఫిల్మ్ ఇంకా ఈ బిల్డింగ్‌లోనే ఉంది. ఈ మూడు రోజులూ బయటికి వెళ్లే ప్రతి మనిషినీ, ప్రతి బ్యాగునూ స్కాన్ చేశాం. కానీ రేపు ఊరి బయట రేంజ్‌లో మన వార్షిక షూటింగ్ పోటీ. ఆయుధాల సంచులు ఆర్మరీలోనే సర్ది సీల్ వేస్తారు. ఆ సీల్ రేంజ్‌లో తప్ప ఇంకెక్కడా విప్పకూడదు."

"దొంగకి మిగిలిన దారి అదొక్కటే అన్నమాట. పోటీ రద్దు చెయ్యొచ్చుగా?"

"చేస్తే దొంగ దొరకడు. నలుగురు షూటర్లు వెళ్తున్నారు. వాళ్ల సంచులు నువ్వు సర్దు."

"సర్దాలా? నేనా?"

"నీ చెయ్యి వణుకుతోంది, అక్కా. డాక్టర్ రాసిచ్చాడు."

"వణికేది చెయ్యి. నేను కాదు."

"చూడు, సర్దు, సీల్ వెయ్యి. అనుమానం వస్తే నాకు చెప్పు. అంతే. సొంత పెత్తనాలొద్దు."

అక్క లేచి వెళ్లిపోయింది. తలుపు మాత్రం కాస్త గట్టిగానే వేసింది.

*

ఆర్మరీ నేలమాళిగలో ఉంటుంది. అక్కడి గాలికి తుపాకీ నూనె వాసన. దానికి రాజు మేస్త్రీ. శాఖలోని ప్రతి తుపాకీనీ విప్పి, బాగుచేసి, కాల్చి చూసే ముసలాయన. ఆయన పనిలో చేరిన రోజుల్లో చెవులకు చప్పుడు ఆపే మఫ్స్ పెట్టుకోవడం నామోషీ అనుకునేవాళ్లు. ఆ మగతనం ఖరీదు ఆయన రెండు చెవులు. ఇరవై ఏళ్లుగా పిడుగు పడినా వినపడదు. పెదాలు కదిలితే మాత్రం చదివేస్తాడు. ఎదురుగా నిలబడి గొణుక్కున్నా, గది అవతలి మూలన తిట్టుకున్నా ఆయనకు ఒకటే.

"అమ్మాయ్, నిన్ను మూటలు కట్టే పనికి దించారా?" అన్నాడు మేస్త్రీ గట్టిగా. తన గొంతు తనకు వినపడదు కాబట్టి ఆయన మాటలన్నీ గట్టివే.

"దించారు బాబాయ్. కానీ, ఎలా సర్దుతానో చూద్దురుగాని."

పొడవాటి బల్ల మీద నాలుగు కాన్వాస్ సంచులు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. రేంజ్ సంచీ సర్దడానికి ఒక వరస ఉంది. ముందు అవసరమయ్యేది పైన, చివర అవసరమయ్యేది అడుగున. క్లీనింగ్ రాడ్, బ్రష్షులు, నూనె సీసా, గుడ్డపేలికలు అన్నిటికంటే కింద. తర్వాత ఫస్ట్ ఎయిడ్ డబ్బా. ఆ పైన టార్గెట్ కాగితాలు, స్టేప్లర్. పిస్టల్ ఒక అరలో, తూటాలు ఇంకో అరలో. ఆ రెండూ ఒకే అరలో పెట్టినవాణ్ణి మేస్త్రీ తన గడప తొక్కనివ్వడు. తూటాలు నింపిన అదనపు మ్యాగజీన్ పక్క జేబులో. అన్నీ అయ్యాక, సీల్ వేసే ముందు, ఆయన అడుగుతాడు, సర్దేవాళ్లు తాకి చూపించి జవాబు చెప్పాలి. ముప్ఫై అయిదేళ్లుగా అదే పాట.

"కళ్లు?"

"ఉన్నాయి." గాగుల్స్.

"చెవులు?"

"ఉన్నాయి." మఫ్స్.

"నోరు?"

"ఉంది." ఈల. రేంజ్‌లో ప్రమాదం కనబడితే ఊదడానికి.

"ఆ ఈల ఊదే హక్కు ఎవరికుంది?"

"కన్ను తెరిచి ఉన్న ప్రతివాడికీ."

అదీ రేంజ్ ధర్మం. అక్కడ చీఫ్ లేడు, గుమాస్తా లేడు. నేల ఊడ్చేవాడు ఈల ఊదినా సరే, తుపాకులన్నీ కిందికి దిగాలి, మనుషులందరూ ఉన్నచోటే ఆగాలి. ఎర్ర జెండా ఎగురుతుంది, గేటు మూసుకుంటుంది. ప్రతి తుపాకీ లెక్క తేలేదాకా చీమ కూడా బయటికి పోకూడదు.

మూడు సంచులకు సీల్ పడింది. నాలుగోది మిగిలింది. అప్పుడే సెంటు వాసన ముందు వచ్చింది, మనిషి తర్వాత వచ్చింది.

నెమలి. నీలం సిల్కు స్కార్ఫు, నల్ల కళ్లద్దాలు, నడుస్తుంటే దారి తానే పక్కకు జరుగుతుందన్న ధీమా. శాఖలో చేరిన మూడేళ్లలో మూడు సార్లూ పోటీ గెలిచింది. సేఫ్‌లో ఫిల్మ్ లేదని మొదట కనిపెట్టి చీఫ్‌కు చెప్పింది కూడా తనే. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం.

"అక్కా, నా సంచీ మీరు సర్దడం నా అదృష్టం," అంది. "నా తూటాలు నేనే తెచ్చుకున్నాను. డబ్బా విప్పకండి, ప్లీజ్. వేరేవాళ్ల చెయ్యి తగిలితే నాకు కలిసిరాదు. ఇదిగో, ఇవి కూడా పెట్టండి."

ఆమె చేతిలో రెండు చిన్న చుట్టలు. టార్గెట్ మీద గుండు చేసిన కన్నాన్ని మూసే బిళ్ల అతుకులు అవి. ప్రాక్టీసు గుండ్ల కన్నాలు మూస్తే కొత్త కన్నాలు లెక్కకు తేలుతాయి. ఒక చుట్ట నలుపు. టార్గెట్ మధ్యనున్న నల్ల వలయానికి. రెండోది తెలుపు. వలయం చుట్టూ ఉండే తెల్ల భాగానికి.

"తెల్లవి నీకెందుకమ్మా?" అంది అక్క. "నల్ల వలయం దాటి నీ గుండు పోయిందని ఈ మూడేళ్లలో వినలేదే?"

నెమలి ఒక్క క్షణం ఆగింది. "మనుషులమేగా అక్కా. చెయ్యి వణికితే?" అంటూ అక్క మణికట్టు వైపు చూసి, నవ్వి, వెళ్లిపోయింది.

అక్కకు చెంప మీద కొట్టినట్టయింది. కోపం దిగమింగుకుని తూటాల డబ్బా విప్పింది. విప్పవద్దన్నది కాబట్టే విప్పింది. యాభై తూటాలు. మేస్త్రీ తుపాకీ మందు తూచే బుల్లి త్రాసు మీద ఒక్కొక్కటీ తూచింది. యాభయ్యీ ఒక్క బరువే. మఫ్స్ లోపలి స్పాంజి నొక్కి చూసింది. తెల్ల అతుకుల చుట్ట మూరెడు విప్పి వేలితో తడిమింది. ఏమీ లేదు. ఫిల్మ్ దొరకలేదు గానీ, ఆ తెల్ల చుట్ట మాత్రం పంటి కింద రాయిలా అలాగే ఉండిపోయింది.

పైకి వెళ్లి చీఫ్ గది తలుపు తీసేసరికి నెమలి అప్పటికే అక్కడ కూర్చుని ఉంది.

"తూటాల డబ్బా విప్పావట?" అన్నాడు చీఫ్.

"ఆ అమ్మాయి తలుపు దాటి వెళ్లాకే విప్పాను. విప్పానని అప్పుడే ఎలా తెలిసిందో అడిగారా?"

"అడ్డంగా మాట్లాడకు. ఏం దొరికింది?"

"ఏమీ దొరకలేదు. కానీ ఈమెకు తెల్ల అతుకులు ఎందుకు?"

చీఫ్ నవ్వాడు. నెమలి మర్యాదగా నవ్వలేదు, అక్కకు అది ఇంకా మండింది. "అక్కా, ఇది అనుమానం కాదు, అసూయ. సేఫ్ ఖాళీ అయిందని మొదట చెప్పిందే ఈ అమ్మాయి."

"ఇల్లు దోచినవాడే ముందు దొంగా దొంగా అని అరుస్తాడు."

"చాలు! ఆ సంచీకి సీల్ వేసి ఇంటికెళ్లు. రేపు నువ్వు రేంజ్ దరిదాపుల్లో కనబడకూడదు. ఇది ఆర్డర్."

అక్క కిందికి వచ్చింది. సీల్ వేసే ముందు నెమలి సంచీ పక్క జేబులోంచి అదనపు మ్యాగజీన్ బయటికి తీసింది. మేస్త్రీ సొరుగులో ఒక రేకు డబ్బా ఉంటుంది. దానిలోవి ఆయన శిక్షణ కోసం చేసినవి, అచ్చం తూటాల్లాగే ఉండే ఉత్త బొమ్మలు. ఆ డబ్బా కాసేపు ఖాళీ అయింది. మేస్త్రీ ఆ కాసేపూ పైకప్పు వైపు శ్రద్ధగా చూస్తూ కూర్చున్నాడు.

"నేనేమీ చూడలేదు, ఏమీ వినలేదు," అన్నాడు తర్వాత. "రెండోది నిజమే. రేపు ఇంట్లో ఉంటావా?"

"వాడు నా తమ్ముడు బాబాయ్. ఆర్డర్లు వాణ్ణి పెంచలేదు, నేను పెంచాను."

ముసలాయన బల్ల కింద నుంచి ఒక ఫ్లాస్కు తీశాడు. మూత తిప్పితే లోపల టెలిస్కోప్ కన్ను. దూరాన టార్గెట్ మీది కన్నాలు చూడటానికి షూటర్లు వాడే స్కోప్‌ను ఆయన ఫ్లాస్కులో బిగించాడు. "నా కొత్త గాడ్జెట్. అర గ్లాసు నీళ్లు కూడా పడతాయి," అన్నాడు గర్వంగా.

*

తెల్లారి ఎనిమిది గంటలకు రేంజ్‌లో ఖాళీ తూటా తొడుగులు ఊడ్చే మనుషులు ఇద్దరు ఎక్కువయ్యారు. బూడిదరంగు ఓవరాల్, కనుబొమ్మల దాకా దిగిన టోపీ, చేతిలో చీపురు. చీపురు పట్టుకున్న మనిషి మొహం ఎవరూ చూడరని అక్క ఇరవై రెండేళ్ల అనుభవం. చీఫ్ ఆమె పక్కనుంచే నడిచి వెళ్లాడు, "అటు పక్క కూడా ఊడ్చు," అని చెప్పి మరీ వెళ్లాడు.

గ్యాలరీలో మొదటి వరసలో ఒక విదేశీ అతిథి కూర్చున్నాడు. స్నేహ బృందం క్రీడా సలహాదారు. తెల్ల సూటు, చేతికర్ర. దౌత్యవేత్త కాబట్టి ఆయన్ని సోదా చేసే హక్కు ఎవరికీ లేదు. గేటు దగ్గర ఆయన కారు ఇంజన్ ఆపకుండా నిలబడి ఉంది.

నెమలి ఐదు ప్రాక్టీసు గుండ్లు కాల్చింది. రేంజ్ ఆఫీసర్ సైగ చేశాక టార్గెట్ దగ్గరికి నడిచి వెళ్లి కన్నాలు మూసుకుంది. తిరిగి వచ్చి పోటీ గుండ్లు పది కాల్చింది. పదీ నల్ల వలయం నడిబొడ్డున. చప్పట్లు మోగాయి. తర్వాతి బ్యాచ్ లైన్‌లోకి వచ్చింది. పక్క వరసల్లో కాల్పులు మొదలయ్యాయి. అందరి చెవులకూ మఫ్స్.

నెమలి గెలిచిన టార్గెట్‌ను చుట్టుకుంటూ అతిథి పక్కకు చేరింది. చుట్టూ పదిమంది ఉన్నారు. అయినా ఇద్దరూ తమ మఫ్స్ కాస్త పక్కకు జరిపి వెరవకుండా మాట్లాడుకుంటున్నారు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, వాళ్లు అందరి చెవులూ మూసి ఉన్నాయి కదా అన్న ధైర్యంతో కబుర్లు చెప్పుకుంటున్నారు. వినడం మానేసి ఇరవై ఏళ్లయిన మనిషి ఒకడు ఆ ఆవరణలో ఉన్నాడని వాళ్ల లెక్కలో లేదు.

యాభై గజాల దూరాన చెత్తడబ్బా వెనక మేస్త్రీ ఫ్లాస్కు కంటికి ఆనించి, ఒక్కొక్క మాటా పక్కనే ఊడుస్తున్న అక్కకు కనబడేలా వేలితో మట్టిలో రాస్తున్నాడు. గట్టిగా చెప్పే గొంతు ఆయనది, అందుకని రాత.

'మీ జ్ఞాపికలోనే ఉంది.'

'సంతకం చేసి అందరి ముందే ఇస్తాను.'

'తెల్లదాని కింద.'

తెల్ల అతుకు! ఫిల్మ్ ఆ చుట్టలోనే, ఏదో ఒక బిళ్ల వెనకే ఉంది. ఆమె మూరెడు విప్పి చూసింది, ఇంకో జానెడు విప్పలేదు. తమ్ముడి ప్రాణాన్ని తన చేతులతోనే సంచీలో సర్ది, తన చేతులతోనే సీల్ వేసి పంపింది.

నెమలి టార్గెట్ మీద సంతకం చేసింది. కెమెరా మెరిసింది. అతిథి దాన్ని చుట్టి చంకలో పెట్టుకుని, వంగి నమస్కరించి, గేటు వైపు నడిచాడు. ముప్ఫై అడుగులు. ఇరవై. డ్రైవర్ కారు తలుపు తెరిచాడు.

అక్క చీపురు పారేసి జేబులోంచి ఈల తీసి ఊదింది.

మఫ్స్‌ని చీల్చుకుని పోయే ఈల అది. కాల్పులు ఒక్కసారిగా ఆగిపోయాయి. తుపాకులు బల్లల మీదికి దిగాయి. స్తంభం మీద ఎర్ర జెండా ఎగిరింది. అతిథి కాలు కారులో పెట్టబోయేలోపు గేటు దడాలున మూసుకుంది.

"ఎవరది?" అని అరిచాడు చీఫ్. టోపీ తీసిన మొహం చూసి ఎర్రబడ్డాడు. "నువ్వా! నిన్ను రావద్దన్నానా? ఆర్డర్ ఇచ్చానా?"

"ఇచ్చారు. నేను పాటించలేదు. తర్వాత తీరిగ్గా సస్పెండ్ చేద్దురు," అంటూ అక్క రేంజ్ ఆఫీసర్ వైపు తిరిగింది. "స్కోరు మీద అభ్యంతరం చెబుతున్నాను. అభ్యంతరం తేలేదాకా టార్గెట్ రేంజ్‌ది, బయటికి పోవడానికి లేదు. రూలేనా?"

"రూలే," అన్నాడు ఆఫీసర్ గడ్డం గోక్కుంటూ. "అభ్యంతరం ఏమిటి?"

"ఈవిడ గుండు ఒకటి వలయం దాటి తెల్లలోకి పోయింది. దాని మీద తెల్ల అతుకు వేసి దాచింది. మూడేళ్లుగా ఇలాగే గెలుస్తోంది కాబోలు."

షూటర్లందరూ గుసగుసలాడారు. ఎవరో కిసుక్కున నవ్వారు. నెమలి మొహం కందగడ్డలా అయింది. దేశాన్ని అమ్ముకోవడానికి సిద్ధపడ్డ మనిషి, చెయ్యి గురి తప్పిందన్న మాట మాత్రం పడలేకపోయింది.

"నేనా? తెల్లలోకా?" అని అరిచింది. "నీ వణుకు చేతులనుకున్నావా ఇవి? కాగితం వెనక్కి తిప్పి చూసుకో! ఆ అతుకు కింద అసలు కన్నమే లేదు!"

మాట నోరు జారాక గానీ ఆమెకు వినపడలేదు.

"అదే నేనూ అడుగుతున్నాను," అంది అక్క నెమ్మదిగా. "కన్నం లేనిచోట అతుకెందుకమ్మా? పాపం, తెల్లలోకి ఒక్క గుండు కాల్చి ఉంటే ఈపాటికి ఆ కారు వెళ్లిపోయేది. నీకు మనసొప్పలేదు."

అతిథి చుట్టలోకి వేళ్లు దూర్చబోయాడు. రేంజ్ ఆఫీసర్ ఆయన చేతిలోంచి టార్గెట్ లాగేసుకున్నాడు. సరిగ్గా అప్పుడే నెమలి తన సంచీ మీదికి దూకింది. పక్క జేబులోంచి మ్యాగజీన్, బల్ల మీంచి పిస్టల్. రెండూ రెప్పపాటులో ఒకటయ్యాయి. గొట్టం అక్క నుదుటికి సూటిగా నిలిచింది. ఆ చెయ్యి వణకలేదు.

అక్క కదల్లేదు. చెయ్యి మాత్రం అలవాటు ప్రకారం వణుకుతోంది, కళ్లు నెమలి కళ్ల మీదే ఉన్నాయి.

టక్.

మళ్లీ టక్.

"అందులో ఉన్నవి బొమ్మలు," అంది అక్క. "నీ సంచీ సర్దింది నేను. నీ అదృష్టం అన్నావుగా?"

మూడో టక్ వినపడేలోపు నలుగురు నెమలిని నేలకు అదిమేశారు. నీలం స్కార్ఫు మట్టిలో పడి ఉంది. మేస్త్రీ వచ్చి దాన్ని తన చీపురుతో జాగ్రత్తగా ఊడ్చాడు.

చీఫ్ టార్గెట్‌ను ఎండకెత్తి పట్టుకున్నాడు. నల్ల అతుకులు అయిదింటి వెనకా చిరిగిన అంచులు కనబడ్డాయి. తెల్ల అతుకు వెనక కాగితం చెక్కుచెదరలేదు. గోటితో దాన్ని లేపాడు. ఆవగింజంత నలుపు ఆయన వేలికి అంటుకుంది.

ఆయన అక్క పక్కకు వచ్చి, అటూ ఇటూ చూసి, ఉద్యోగంలో మొదటిసారి సొంత రూల్ తానే తప్పాడు.

"ఏడో నంబర్ బాగున్నాడు. నిన్న రిపోర్టు పంపాడు. జలుబు చేసిందట."

అక్క మొహం పక్కకు తిప్పుకుంది. నాలుగేళ్ల తర్వాత తమ్ముడి గురించి ఒక వార్త. జలుబు! చిన్నప్పుడూ వాడికి ఇంతే, తల తుడుచుకోమంటే వినేవాడు కాదు. కళ్లల్లో నీళ్లు వచ్చాయి.

"నేను తప్పు చేశాను, అక్కా," అన్నాడు చీఫ్. "రేపటి నుంచి మళ్లీ ఫీల్డ్‌లోకి రా. ఆ డాక్టర్ కాగితం చించేస్తాను."

"వద్దు, ఇవాళ్టికి ఉండనివ్వండి," అంది అక్క కళ్లు తుడుచుకుంటూ. నాలుగు కాన్వాస్ సంచుల్ని ఒక్కొక్కటే జిప్పు లాగి వరసగా ఆయన కాళ్ల ముందు పెట్టింది. "ఒక్కోటి పన్నెండు కిలోలు. నా మణికట్టు బరువులెత్తకూడదని ఆ డాక్టరే రాశాడు. వ్యాను అటు పక్కనుంది."